చెల్లుచీటీ ఉన్న కథ: భద్రాచలం చరిత్రలో ఐతిహ్యం, ప్రమాణం

మొదట ఎవరు అన్నారో తెలియకుండా నోటినోటా నడిచివచ్చే మాటను సంస్కృత తార్కికులు ఐతిహ్యం అన్నారు. దానికి వాళ్లు ఇచ్చే ఉదాహరణ ఏ ఊరికైనా సరిపోతుంది: ఈ మర్రిచెట్టు మీద యక్షుడు ఉంటాడట. చూసినవాడు దొరకడు. చీకటి పడ్డాక ఆ చెట్టు కింద నడుం వాల్చేవాడూ దొరకడు. ఇలాంటి మాటను జ్ఞానానికి ఆధారంగా తీసుకోవచ్చా అన్నది చాలా పాత తగువు. తీసుకోవచ్చన్నారు పౌరాణికులు, ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం వంటి ప్రమాణాల సరసన ఐతిహ్యానికీ ఒక పీట వేశారు. గౌతముడి న్యాయసూత్రాలు ఆ పీట తీసేశాయి. ఐతిహ్యం అబద్ధమని అవి అనలేదు. అది శబ్దంలోనే ఒక రకం కాబట్టి శబ్దానికి పెట్టే పరీక్షే దానికీ పెట్టమన్నాయి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తన దీపికలో అదే తీర్పును మళ్లీ చెప్పాడు: మూలవక్త ఎవరో తెలియని శబ్దమే ఐతిహ్యం. అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడని పండితుల లెక్క. అదే శతాబ్దంలో, గోదావరి ఒడ్డున అడవి అంచులో, తెలుగువాళ్ల ఐతిహ్యాల్లోకెల్లా గట్టిది ఒకటి పుట్టింది.

శబ్దానికి నైయాయికులు పెట్టిన పరీక్ష, చెప్పేవాణ్ణి బట్టి ఉంటుంది. ఆప్తుడి మాట ప్రమాణం. తెలుగు వాడుకలో ఆప్తుడంటే దగ్గరివాడు, కావలసినవాడు అనే అర్థం స్థిరపడింది గాని, శాస్త్రంలో చుట్టరికంతో పని లేదు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడే ఆప్తుడు. న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇక్కడ ఒక మాట చేర్చాడు: ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒక్కటే. చరిత్ర పుస్తకాలు చదివేవాడికి ఈ ఒక్క వాక్యం చేసే మేలు ఇంతా అంతా కాదు. మచిలీపట్నం రేవులో కొఠీ నడిపిన ఇంగ్లీషు వర్తకుడు, గోల్కొండ కోటలో కలం పట్టిన పారశీక లేఖకుడు, భద్రగిరి మీద తాటిపండ్లు ఏరుకున్న అడవి మనిషి, ముగ్గురూ ఒకే పరీక్షకు నిలబడాలి. ముగ్గురిలో ఎవరి మాటనూ వాళ్లు ఎవరన్నదాన్ని బట్టి ముందే తోసిపుచ్చకూడదు.

భద్రాచలం గురించి పుస్తకాలు చదివినవాళ్లు తమలో తాము వాదించుకునేటప్పుడు సామాన్యంగా ఈ పరీక్ష దాకా వెళ్లరు. దారిలోనే ‘చరిత్ర’ అనే మాట దగ్గర చిక్కుపడతారు. తెలుగులో చరిత్ర అంటే వెయ్యేళ్లుగా నడవడి, ఒకరి జీవిత వృత్తాంతం. మనుచరిత్ర, పల్నాటి వీరచరిత్ర, హరికథగా చెప్పే రామదాసు చరిత్ర, అన్నీ ఆ అర్థంలోనివే. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. శాస్త్రాలూ, జీవితచరిత్రలూ, దేశచరిత్రలూ తెలుగు ఇళ్లలోకి చవగ్గా వెళ్లాలన్నది వాళ్ల పట్టుదల. 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వచ్చింది. శాసనాలు చదివి, తేదీలు సరిచూసి, కథను కథగా పక్కన పెట్టే పని అది. కొత్త పనికి పాత మాటే పెట్టారు. దాంతో గ్రంథాలయం బీరువాలో రామదాసు చరిత్ర, ఆంధ్రుల చరిత్ర పక్కపక్కన చేరాయి. ఒకే మాట వీపున మోస్తున్న రెండు పుస్తకాలు ఒకే రకం నిజం చెబుతాయని పాఠకుడు అనుకుంటే తప్పు పూర్తిగా అతనిది కాదు. పైగా చాలామందికి ఈ కథ పుస్తకం కంటే ముందు తెర మీద తెలిసింది: 1964లో చిత్తూరు నాగయ్య భక్త రామదాసు, 2006లో శ్రీరామదాసు.

కథ తెలియని తెలుగువాడు ఉండడు కాబట్టి క్లుప్తంగా. నేలకొండపల్లిలో లింగన్న, కామాంబల కొడుకు కంచెర్ల గోపన్న, అతనే రామదాసు. (ఆ ఊరి పక్కనే రామదాసు కంటే వెయ్యేళ్లకు పైగా పాతదైన బౌద్ధ మహాస్తూపం ఉంది, దాని గురించి వాదించుకునేవాళ్లు మాత్రం తక్కువ.) గోల్కొండలో మంత్రులైన అక్కన్న, మాదన్నలు అతని మేనమామలు. వాళ్ల మాట మీద పాల్వంచ పరగణాకు తహశీల్దారయ్యాడు. భద్రగిరి మీద తాటాకు పందిట్లో ఉన్న రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. సర్కారుకు చేరాల్సిన శిస్తు అందుకు ఖర్చయింది. తానీషా, అంటే అబుల్ హసన్ కుతుబ్ షా, అతన్ని పన్నెండేళ్లు చెరలో పెట్టాడు. చివరికి ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షలు చెల్లించి, చెల్లుచీటీ రాయించుకుని, దాన్ని ఖైదీ తల దగ్గర పెట్టి మాయమయ్యారు.

దీన్ని చదివి ఒకరు ‘జరిగింది’ అంటారు, ఇంకొకరు ‘కట్టుకథ’ అంటారు. ఇద్దరూ కథ మొత్తానికి ఒకే ముద్ర వేయాలని చూస్తున్నారు. మీమాంసకులు ఇలా మొత్తంగా ముద్ర వేయరు. వేదంలో విధించే వాక్యాలు కాక, మెచ్చుకుంటూ చెప్పే వాక్యాలను వాళ్లు అర్థవాదం అన్నారు. అందులో మూడు తరగతులు చేశారు. వేరే ప్రమాణంతో ఢీకొనే వాక్యం గుణవాదం. దాని అక్షరార్థం వదిలేసి, అది ఏ గుణాన్ని చూపుతోందో పట్టుకోవాలి. వేరే ప్రమాణం వల్ల ముందే తెలిసిన సంగతిని మళ్లీ చెప్పేది అనువాదం. ఢీకొననిదీ, ముందే తెలియనిదీ భూతార్థవాదం. అది జరిగిన సంగతే కావచ్చు. వేదవాక్యాల కోసం తయారైన ఈ కొలతను 17వ శతాబ్దపు తహశీల్దారు కథకు పట్టించడం కొంచెం చనువు తీసుకోవడమే. అయినా ‘నిజమా, అబద్ధమా’ అనే రెండు గదుల కంటే మూడు గదుల ఇల్లు ఈ కథకు బాగా నప్పుతుంది.

ముందుగా ఢీకొనేవి. గోపన్నకు కబీరు తారకమంత్రం ఉపదేశించాడనీ, గంజి గుంటలో పడి చనిపోయిన అతని బిడ్డను బతికించాడనీ కథ చెబుతుంది. కబీరు 15వ శతాబ్దం వాడు, గోపన్న 17వ శతాబ్దం వాడు. ఇద్దరి మధ్యా రెండు వందల ఏళ్లు. కబీరుపంథీ సాధువు ఎవరైనా వచ్చి ఉండవచ్చని సర్దిచెప్పేవాళ్లున్నారు. అలా వచ్చి ఉండటం అసాధ్యమేమీ కాదు గాని, ఆ సర్దుబాటుతో కథ బలం సగం పోతుంది. కథకు కావలసింది ఎవరో ఒక సాధువు కాదు. హిందువా, తురకా అని అడిగితే చిక్కని గురువు కావాలి, అందుకే అది కబీరునే పిలుచుకుంది. వాక్యాన్ని గుణవాదంగా చదివితే తేదీ తప్పు తేదీ తప్పుగానే ఉంటుంది, చెప్పదలచిన మాటా పోదు. అడవిలో కొత్తగా లేచిన ఆ గుడికి మంత్రం ఎటువైపు నుంచి వచ్చిందని తొలి భక్తులు అనుకున్నారో ఆ తప్పే చెబుతోంది.

పన్నెండేళ్ల చెర కూడా లెక్కకు లొంగదు. అబుల్ హసన్ గద్దెనెక్కింది 1672లో. మాదన్న చేతికి పూర్తి అధికారం వచ్చింది 1674లో. అక్కన్న, మాదన్నలు హైదరాబాదులో హత్యకు గురైంది 1686లో. 1687 సెప్టెంబరులో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. మాదన్న పలుకుబడితో కొలువు రావడం, గుడి కట్టడానికి కొన్నేళ్లు, ఆపైన పన్నెండేళ్ల ఖైదు, విడుదలనాటికి తానీషా ఇంకా సింహాసనం మీద ఉండటం, ఇవన్నీ ఆ పదమూడేళ్లలో ఇమడవు. కొలువును ముందుకు జరిపితే మేనమామల సిఫారసు పోతుంది. చెరను కుదిస్తే పన్నెండు పోతుంది. పోతే పోయేది పన్నెండే అనిపిస్తుంది. ఎందుకంటే గోదావరి ఒడ్డున పన్నెండు అంటే లెక్క కంటే ఎక్కువ, అది పుష్కరం. బృహస్పతి తన పాత రాశికి మళ్లీ వచ్చేంత కాలం. పాండవుల అరణ్యవాసానికీ అదే కొలత. ఒక మనిషి తట్టుకోగలిగినంత కష్టం మొత్తం పట్టాడని చెప్పాలంటే ఆ ఒడ్డున వేరే అంకె వాడరు. చరిత్ర ఇక్కడ ఒక విచిత్రం చేసింది. గోల్కొండ పడ్డాక తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. చనిపోయేదాకా, దాదాపు పన్నెండేళ్లు, అతను అక్కడే ఉన్నాడు. కథలోని అంకె కాగితాల్లో రుజువైంది. ఖైదీ మాత్రం మారిపోయాడు.

ఇక చెర అసలు నిజమేనా? కథలో అతి నమ్మదగిన భాగం ఇదే. కారణం భక్తి గ్రంథాల్లో దొరకదు, ఒక వర్తకుడి రాతలో దొరుకుతుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున మచిలీపట్నంలో ఉన్న విలియం మెత్వోల్డ్ 1620ల ప్రాంతపు గోల్కొండ పాలన గురించి రాశాడు. పరగణాలు వేలంలో పాడుకునేవాళ్లవి. పాట పాడినవాడు ఒప్పుకున్న మొత్తం రాజుకు కట్టాలి. ఆ మొత్తాన్నీ, తన లాభాన్నీ రైతుల నుంచి పిండుకోవాలి. బాకీ పడిన అధికారిని బెత్తాలతో చచ్చేదాకా కొట్టించిన సంగతి కూడా మెత్వోల్డ్ చెబుతాడు. గోపన్న పుట్టాడని చెప్పే కాలం అది. శిస్తు కట్టని తహశీల్దారును కట్టేసి కొట్టడం గోల్కొండలో కక్ష కాదు, వాడుక. మెత్వోల్డ్‌కు రాముడూ తెలియడు, భద్రాచలమూ తెలియదు; చూసినదాన్నీ విన్నదాన్నీ తన యజమానులకు పనికొచ్చేలా రాసుకున్నాడు. వాత్స్యాయనుడి లెక్కలో ఈ విషయంలో అతను ఆప్తుడే.

ఈ సాక్ష్యం ఒక పెద్ద అపార్థాన్ని కూడా కడిగేస్తుంది. రామదాసు చెరను ముస్లిం రాజు హిందూ భక్తుణ్ణి హింసించిన ఉదంతంగా చదివేవాళ్లు ఉన్నారు. ఆ చదువుకు కథే ఒప్పుకోదు, రికార్డు అసలే ఒప్పుకోదు. శిస్తు బాకీకి మతం లేదు. ఆ రాజు ప్రధాన మంత్రి బ్రాహ్మణుడు. కథలో రామదర్శనం దక్కిందీ ఆ రాజుకే. ఏటా శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతో మొదలైందని భద్రాచలం నమ్ముతుంది. నిజాం పాలనలోనూ అది సాగింది, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పట్టువస్త్రాలతో పాటు వాటిని సమర్పిస్తోంది. ఒక రాజును దుర్మార్గుడని చెప్పే కథ అతని పేరు మీదుగా మూడు వందల ఏళ్లు పెళ్లి కానుకలు అందుకోదు.

చెర అనుభవించినవాడి మాట కూడా ఉంది. కీర్తనల్లో రామదాసు తన దెబ్బల గురించి, బాకీ గురించి రాముడితోనే తగువు పెట్టుకుంటాడు. ఇక్ష్వాకు కులతిలక అనే కీర్తన మరీ వింతైనది. సీతమ్మకు, లక్ష్మణుడికి, భరతుడికి, శత్రుఘ్నుడికి చేయించిన నగలు పేరుపేరునా వస్తాయి, వాటికైన ఖర్చూ వస్తుంది. భక్తి పాట అని మరచిపోయి చదివితే, తనిఖీకి వచ్చిన అధికారి ముందు లెక్క ఒప్పజెబుతున్న గుమాస్తా కనిపిస్తాడు. చరిత్రకారుడికి పాట కంటే ఈ జాబితా ఎక్కువ రుచిస్తుంది. అయితే చిక్కు లేకపోలేదు. కీర్తనలు భజన గోష్ఠుల్లో నోటి మీద నడిచినవి. పాడినకొద్దీ చరణాలు మారతాయి, ఇతరుల పాటలకూ రామదాసు ముద్ర అతుక్కుంటుంది. అనుభవించినవాడు ఆప్తుడే, కానీ అతని మాట మన దాకా చేర్చినవాళ్ల పేర్లు తెలియవు. మొదటి కొస శబ్దం, చివరి కొస ఐతిహ్యం.

ఈ గొలుసులో ఒక లంకెకు మాత్రం పేరూ కాలమూ ఉన్నాయి. తిరువయ్యారులో ఉన్న త్యాగరాజు (1767-1847) దేవగాంధారి రాగపు క్షీరసాగర శయన కీర్తనలో, రాముడు రామదాసు బంధనం తొలగించిన సంగతి తాను విన్నానంటాడు. చూశానని అనలేదు, చదివానని అనలేదు, విన్నానన్నాడు. అంత పెద్ద వాగ్గేయకారుడు తన ప్రమాణం ఏదో ఒక్క క్రియాపదంలో నిజాయతీగా చెప్పుకున్నాడు. గోల్కొండ పడిన నూటఅరవై ఏళ్ల లోపే, గోదావరి నుంచి కావేరి దాకా, విడుదల కథ వ్యాపించిందనడానికి ఆ కీర్తన సాక్ష్యం. విడుదల ఎలా జరిగిందన్నదానికి సాక్ష్యం కాదు.

ఎలా జరిగిందన్న దగ్గర హేతువాద పాఠకుడు ఒక ఊహ ముందుకు తెస్తాడు. డబ్బు కట్టింది ఇద్దరు అన్నదమ్ములని కథ. గోల్కొండలో డబ్బు కట్టగల ఇద్దరు అన్నదమ్ములు అప్పుడు ఉన్నారు, గోపన్న మేనమామలు. అక్కన్న, మాదన్నలు గుట్టుగా బాకీ తీరిస్తే, జనం నోట రామలక్ష్మణులయ్యారు. వినడానికి ఇంపుగా ఉంది. ఇంపుగా ఉండటమే దాని బలమూ బలహీనతా. ఇద్దరు ఉండటం, అన్నదమ్ములు కావడం అనే పోలిక తప్ప హేతువు లేదు. పోలికను వ్యాప్తి, అంటే ఎప్పుడూ తప్పని తోడు, అనరు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంద వంటిళ్లలో చూసి చెబుతాం, అన్నదమ్ములున్న చోట చెల్లింపు ఉంటుందని ఎక్కడ చూశాం? మహిమను నమ్మని పాఠకుడు తన ఊహను మాత్రం ఆధారం లేకుండానే నమ్ముతాడు. ఐతిహ్యానికి ఇంకో ఐతిహ్యం చేర్చడం తప్ప అది వేరేమీ కాదు.

అతని రెండో వాదన ఇంకా తరచుగా వినిపిస్తుంది: ఆ కాలపు విదేశీ వర్తకుల కాగితాలు ఇన్ని ఉన్నాయి, ఇంత పెద్ద సంగతి జరిగి ఉంటే వాటిలో ప్రముఖంగా ఉండేది కదా. దీనికి జవాబు మీమాంసకుడైన కుమారిల భట్టు సంప్రదాయంలో ఎప్పుడో ఉంది. కనిపించకపోవడం కూడా ప్రమాణమే, దాని పేరు అనుపలబ్ధి. కానీ ఒక షరతు ఉంది: ఉంటే కనిపించి తీరాల్సినదై ఉండాలి. వెలుగున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనిపించకపోతే ఏమీ తేలదు. బట్టల మూటలు, వజ్రాలు, నౌకలు, రేవు సుంకాలు లెక్కపెట్టే కొఠీ గుమాస్తాకు పాల్వంచ అడవి పరగణా తహశీల్దారు ఒక చీకటి గది.

మహిమ దగ్గరికి వస్తే, నమ్మేవాడూ నమ్మనివాడూ ఇద్దరూ దాటిపోయే వివరం ఒకటి కథ మధ్యలో ఉంది. రాముణ్ణి కళ్లారా చూసింది తానీషా. రామదాసు చూడలేదు. ప్రత్యక్షం దక్కినవాడికి తాను చూసిందెవర్నో తెలియదు. వాళ్లు గోపన్న నౌకర్లమని చెప్పుకున్నారు, అతను నమ్మాడు. ఎవరో తెలిసినవాడికి ప్రత్యక్షం దక్కలేదు. అతనికి మిగిలింది ఒక కాగితం, పక్కవాళ్ల మాట. ఇంద్రియానికి వస్తువు తగిలినంత మాత్రాన జ్ఞానం పూర్తి కాదన్న సంగతిని సవికల్పక, నిర్వికల్పక ప్రత్యక్షాల పేరుతో తార్కికులు పుటలకొద్దీ రాశారు. ఈ కథ దాన్నే పడకగదిలో ఒక రాత్రిలో తేల్చేసింది. భక్తి సాహిత్యంలో దర్శనం సామాన్యంగా భక్తుడికి బహుమతి. ఇక్కడ బహుమతి శిక్ష వేసినవాడికి వెళ్లింది, భక్తుడు దాని గురించి విన్నాడంతే. తెలుగు మత కల్పనలో ఇంత కఠినమైన మలుపు అరుదు.

ఆ కాగితం సంగతి ఇంకా ముఖ్యం. సర్వశక్తిమంతుడైన దేవుడు అప్పు తీర్చాడు, సరే. చెల్లుచీటీ ఎందుకు అడిగాడు? తలుపులు తెరిచి గోపన్నను తీసుకుపోతే పోయేది. కథ అలా నడవలేదు. సర్కారు సొమ్ము సర్కారుకు చేరాలి, చేరినట్టు చేవ్రాలు ఉండాలి, అప్పుడే విడుదల. శిస్తు కచేరీ అలవాట్లు తెలిసిన సమాజం అల్లిన మహిమ ఇది. నోటిమాట చాలదు, ఆధారం కావాలి అన్న ఎరుక కథ కడుపులోనే ఉంది. కాబట్టి ‘ఆధారమేది’ అని అడిగే పాఠకుణ్ణి అపచారం చేసినవాడిలా చూడటం కథ స్వభావానికే విరుద్ధం. రాముడే ఆధారం పుచ్చుకున్నాడు.

చెల్లుచీటీ నేటి దాకా మిగల్లేదు. నాణేలు మిగిలాయని అంటారు. రాముడు ఇచ్చిన మాడలని గుడిలో చూపుతారు. రామపట్టాభిషేకం ముద్రించిన టంకాలు దేశంలో చాలాచోట్ల దొరుకుతాయి. నాణేల శాస్త్రం వాటిని చలామణీ డబ్బుగా కాక, పూజకూ కానుకకూ తయారైన ముద్రికలుగా లెక్కిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం తర్వాతి శతాబ్దాలవి. గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా అని చూపే గదిలో గోడకు చెక్కిన సీతారామ, హనుమద్రూపాలు ఉన్నాయి. చెక్కిన చేయి రామదాసుదేనని రుజువు చేయడం కష్టం. ఆ గదిని అతనిదిగా తలచి మొక్కిన చేతులు మాత్రం లెక్కలేనన్ని.

ఇంతవరకూ జరిగిందా లేదా అన్న ప్రశ్న. ధర్మప్రశ్న వేరే ఉంది, నిజానికి అదే బరువైనది. శిస్తు డబ్బుతో గుడి కట్టడం తగునా? రాజు దృష్టిలో అది అపహరణ. భక్తుడి దృష్టిలో రాముడి నేల మీద పండింది రాముడికి చేరింది. రాముడు బాకీ తీర్చడంతో రాజుకు నష్టం లేకుండా పోయింది, ఇద్దరి లెక్కా సరిపోయింది. సరిపోని లెక్క మూడోది. వేలంపాట పద్ధతిలో శిస్తు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మెత్వోల్డ్ ముందే చెప్పాడు. గోపన్న చేతుల్లోకి రాకముందు ఆ డబ్బు పాల్వంచ పరగణా రైతులది. వాళ్లు ఇష్టంగా ఇచ్చారని కొన్ని కథనాలు చెబుతాయి. ఇష్టంగా ఇచ్చింది చందా అవుతుంది, అప్పుడు చెరకు కారణం మిగలదు. అది శిస్తే అయితే రాముడు దాన్ని తిరిగి ఇచ్చింది గోల్కొండ బొక్కసానికి, రైతుకు కాదు. వామపక్ష భావాలు బలంగా పాకిన ఖమ్మం జిల్లాలో ఈ ప్రశ్న వేసే పాఠకులకు కొదవ లేదు. దాన్ని భక్తిలేనితనం అని కొట్టిపారేయడం తేలిక. గుడి మొత్తం ఖర్చును ఎవరు భరించారన్నది ఆ గుడిని ప్రేమించేవాడికే ముందు పుట్టాల్సిన సందేహం.

ఇలాంటి చర్చలకూ న్యాయశాస్త్రం మూడు పేర్లు పెట్టింది. సత్యం తేల్చుకోవడానికి ఇద్దరూ కూర్చుంటే వాదం, గెలవడానికి కూర్చుంటే జల్పం, తన పక్షం ఏదీ లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనైతే వితండ. రామదాసు పుస్తకాల మీద అభిప్రాయాలు కలబోసుకునే చోట జల్పం ఎక్కువ, వాదం తక్కువ. అందుకు ఒక కారణం ఆధారాలు ఒకచోట లేకపోవడం. భద్రాచలం నిజాం ఏలుబడి నుంచి 1860లో బ్రిటిషు చేతికి పోయింది; మధ్యపరగణాల ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసింది; 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది; 2014 విభజనలో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా పట్టణం తెలంగాణలో మిగిలింది. దేవుడి భూముల్లో పెద్ద భాగం పురుషోత్తపట్నంలో, అంటే ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉంది. ఒక్క గుడి కాగితాల కోసం హైదరాబాదు, నాగపూరు, చెన్నై, రాజమహేంద్రవరం తిరగాలి. అంత తిరిగే ఓపిక లేనివాడు గొంతు పెంచుతాడు.

రామదాసుకు ముందటి సంగతి ఇంకా మిగిలి ఉంది. గుడి స్థలపురాణం భద్రమహర్షి తపస్సుతో, వైకుంఠం నుంచి నాలుగు చేతులతో, సీతను అంకం మీద ఉంచుకుని దిగివచ్చిన రాముడితో మొదలవుతుంది. ఆ తర్వాత నేల మీదికి దిగి, భద్రారెడ్డిపాలెంలో ఉన్న పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ దగ్గర ఆగుతుంది. ఆమెకు కలలో రాముడు కనిపించి, పుట్టలో ఉన్నానని చెప్పాడు. ఆమె గోదావరి నీళ్లు తెచ్చి పోసి పుట్ట కరిగిస్తే విగ్రహాలు బయటపడ్డాయి. పందిరి వేసి, రాలిన తాటిపండ్లు నైవేద్యం పెట్టింది. గోపన్న చూసింది ఆ పందిరినే. దేవస్థానం ఇప్పటికీ దమ్మక్క పేరు మీద సేవాయాత్ర జరుపుతుంది.

ఈ ప్రాంతపు ఆదివాసుల గురించి తొలినాళ్లలో వివరంగా అచ్చులో రాసినవాళ్లలో ఒకడు దుమ్ముగూడెం క్రైస్తవ మిషన్‌లో ఉన్న జాన్ కెయిన్. 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద, కోయల భాష, ఆచారాల మీద ఆయన వ్యాసాలు వచ్చాయి. మతం మార్చడానికి వచ్చినవాడు ఇతరుల దేవుళ్ల గురించి ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకున్నాడా అన్న అనుమానం న్యాయమైనదే. ఆప్తలక్షణంలో రెండో సగం అదే కదా. అయితే అడవిలో ఏళ్ల తరబడి ఉండి, కోయభాష నేర్చుకున్నాడన్నది మొదటి సగం. కోయల సొంత చరిత్ర మాత్రం కాగితం మీద లేదు. అది డోలీలనే గాయకుల గొంతులో, పడిగె అనే గుడ్డ మీది బొమ్మల్లో ఉంది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య ఆ వంశచరిత్రలను జాతరల్లో రాత్రంతా పాడేవాడు. 2022లో పద్మశ్రీ అందుకుని, 2024లో మరణించాడు. అలాంటి గాయకుడికి తన ముందు పాడినవాళ్ల వరుస తెలుసు. మూలవక్త తెలియని మాటే ఐతిహ్యమనే కొలత పెడితే, అచ్చుపుస్తకంలో ‘అని ప్రతీతి’ అంటూ ముగిసే వాక్యం కంటే ఆ పాటే శబ్దప్రమాణానికి దగ్గర.

దమ్మక్క విషయంలో కొలత మరీ చిత్రంగా పనిచేస్తుంది. కలను తార్కికులు అయథార్థ జ్ఞానంలో వేశారు. కానీ ఒక జ్ఞానం సరైనదో కాదో తేల్చడానికి వాత్స్యాయనుడు తన భాష్యం మొదట్లోనే పెట్టిన గుర్తు వేరే ఉంది: దాన్ని నమ్మి పని చేస్తే ఆ పని ఫలించాలి. ఎండమావి నమ్మి వెళ్లినవాడికి దాహం తీరదు, నీళ్లు చూసి వెళ్లినవాడికి తీరుతుంది. ఆమె కలను నమ్మి నీళ్లు మోసింది, పుట్టలో విగ్రహం ఉంది. ఆ కలకు సాక్షి ఆమె ఒక్కతే. అంటే ఈ స్థలపురాణం మొత్తంలో ‘మొదట ఎవరు చెప్పారు’ అన్న ప్రశ్నకు పేరుతో సహా జవాబున్న చోటు అదొక్కటే. ఆ జవాబు ఆమె ఏ మాటల్లో ఇచ్చిందో అవి ఎవరూ రాసుకోలేదు. మనకు చేరింది గుడివాళ్ల తెలుగు.